టీవీలో చూసిన ఫెయిర్ ఐల్ స్వెటర్ మా ఆయనకి అల్లాను

'ఆల్ క్రీచర్స్ గ్రేట్ అండ్ స్మాల్' సీరియల్ 1930ల చివర్లో మొదలయ్యే కథ, ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ పశువుల డాక్టర్లది. నేను మాత్రం ఆవుల్నీ గుర్రాల్నీ వదిలేసి, షర్టూ టై మీద వాళ్లు వేసుకునే చేతుల్లేని స్వెటర్లే చూస్తుంటాను. ఇక్కడ ఇంగ్లండ్‌లో, లీడ్స్ చలికి ఎలాగూ పనికొస్తుందని మా ఆయనకి అలాంటిదొకటి మొదలుపెట్టాను. కొంటే గొడవే లేదు, కానీ షాపుల్లో నేను చూసినవన్నీ మిషన్ అల్లికే, పైగా పొడుగు.

ఫెయిర్ ఐల్ అనేది స్కాట్లాండ్‌కి ఉత్తరాన షెట్‌లాండ్, ఆర్క్‌నీ దీవుల మధ్య ఉన్న చిన్న దీవి, రంగురంగుల డిజైన్ల ఈ అల్లికకి ఆ పేరు అక్కడినుంచే వచ్చింది. 1920ల్లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఆ స్వెటర్‌తో గోల్ఫ్ ఆడేసరికి అందరూ దానిమీద పడ్డారు. రాజుగారి అబ్బాయి వేసుకుంటే ఎవరాగుతారు!

పాత ప్యాటర్న్, అంటే ఎలా అల్లాలో చెప్పే కాగితం, చదవడమే పెద్ద తలనొప్పి. సైజు ఒక్కటే ఇస్తారు, ఉన్ని ఔన్సుల్లో ఉంటుంది, సూది నంబర్లేమో తలకిందులు: 10 అంటే 3.25 మిల్లీమీటర్లు, 12 అంటే ఇంకా సన్నం, 2.75. అందుకే ముందు చిన్న ముక్క అల్లి, తడిపి ఆరబెట్టి, అంగుళానికి ఎన్ని కుట్లు వస్తున్నాయో చూసుకుని లెక్క మళ్లీ వేసుకున్నాను. ఉన్ని షెట్‌లాండ్‌దే తెప్పించాను, నాచు ఆకుపచ్చ, ఆవపిండి రంగు, ముదురు గోధుమ, మీగడ తెలుపు.

చూడ్డానికి అన్ని రంగులున్నా ఒక్కో వరుసలో రెండే ఉంటాయి. వాడని రంగు దారం వెనకాలే సాగుతూ వస్తుంది, దాన్ని కాస్త బిగించి లాగితే చాలు, ముందు డిజైనంతా ముడతలు. వదులుగా పట్టుకోవడం వేళ్లకి అలవాటయ్యేదాకా ఓపిక పట్టాల్సిందే.

అసలు టెన్షన్ కత్తెర దగ్గర. స్వెటర్‌ని గొట్టంలా గుండ్రంగా భుజాలదాకా అల్లేసి, చంకలూ మెడా వచ్చేచోట కావాలనే కొన్ని కుట్లు ఎక్కువ వేసుకుంటారు, చివర్లో వాటి మధ్యగా కత్తిరించేస్తారు. దీన్ని స్టీక్ అంటారు. షెట్‌లాండ్ ఉన్ని నూగు ఒకదాన్నొకటి పట్టుకుంటుంది కాబట్టి కోసినా ఊడిపోదని తెలుసు, అయినా మొదటి కుట్టు తెగేటప్పుడు ఊపిరి బిగబట్టాను. ఒక్క పోగు కూడా జారలేదు! మిషన్‌లో ఉతికినా ముడుచుకుపోకుండా నున్నగా చేసిన సూపర్‌వాష్ ఉన్నితో మాత్రం ఇలా చేయకండి, అది జారిపోతుంది.

ఉతికి, పరిచి ఆరబెట్టి ఇస్తే మా ఆయన జీన్స్ మీద వేసుకుని అద్దంలో చూసుకుని, "ఏంటే, ఇంత కురచగా ఉంది?" అన్నారు. కురచే మరి, ఆ కాలం కొలత అంతే. అప్పటి ప్యాంట్లు బొడ్డు పైదాకా వచ్చేవి, స్వెటర్ పట్టీ సరిగ్గా అక్కడ ఆగేది. టీవీలో వాళ్లకి అంత బాగా అమరడానికి సగం కారణం ఆ ప్యాంటే. ఇప్పుడాయన నడుము ఎత్తు ప్యాంటు కోసం వెతుకుతున్నారు, ప్యాంటు జారకుండా భుజాల మీదుగా పట్టే పట్టీలు, అదే బ్రేసెస్, మాత్రం చచ్చినా వేసుకోరట.