మెటల్ డిటెక్టర్‌కు అందని సానరాయి

నల్లగొండ దగ్గరి మా ఊళ్లో, పశువుల కొట్టం గోడ గూట్లో, జానెడు పొడవున్న సానరాయి ఒకటి ఇప్పటికీ ఉంది. మా తాత కొడవళ్లు నూరీ నూరీ దాని నడుమ గుంట పడింది. రెండు కొసలు మాత్రమే మొదటి మందంతో మిగిలాయి. ఇంగ్లాండు పొలాల్లో మెటల్ డిటెక్టర్లతో వెతికేవారికి దొరికిన మధ్యయుగాల సానరాళ్ల ఫోటోలు చూసినప్పుడు నా కన్ను ముందుగా ఆ గుంట మీదే ఆగింది.

రాయి ఉన్నచోట యంత్రం మోగదు. నాణెం కోసమో బొత్తాం కోసమో వంగిన మనిషికి, దున్నిన మట్టిలో ఆ నేలది కాని రాయి కంటబడితేనే అది దొరికినట్టు. సన్నగా, పొడుగ్గా ఉండి, పక్కలు నున్నగా అరిగి, నడుముకు వేలాడదీసుకోవడానికి ఒక కొసన రంధ్రం తొలిచి ఉంటే దాన్ని సానరాయిగా గుర్తుపట్టవచ్చు.

వాటిలో ఎన్నో నార్వేలోని ఐడ్స్‌బోర్గ్ క్వారీల నుంచి సముద్రం దాటి వచ్చినవి. ఆ రాతిలో పలుగురాతి రేణువులూ అభ్రకమూ సన్నగా కలిసి ఉంటాయి; ఇనుముకన్నా గట్టివైన ఆ రేణువులే అంచును కోసి పదును తెస్తాయి. మా గుట్టల గ్రానైటు ముతక రాయి కనుక దాని మీద రుద్దితే మొండి అంచు తెగుతుందే గాని సన్నని పదును రాదు. నార్వే తీరంలో 1893లో బయటపడిన క్లోస్టాడ్ ఓడలో సరుకుగా ఉన్నవి ఈ సానరాళ్లే. ఆ ఓడ మునిగి సుమారు వెయ్యేళ్లు.

ఇంగ్లాండులో ఇలాంటి మామూలు వస్తువులను కూడా, దొరికిన చోటుతో సహా, 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో నమోదు చేయించుకోవచ్చు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే, ఎందుకంటే చోటు తెలియని సానరాయి వట్టి రాయిగానే మిగిలిపోతుంది. మా పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం కట్టిన రోజుల్లోనూ కొడవళ్లు నూరి ఉంటారు, కత్తులు నూరి ఉంటారు. ఆ రాళ్లు ఏ చెలక గట్టు మీది రాళ్లకుప్పలో కలిసిపోయాయో అని దిగులు కలుగుతుంది.

ఆ ఫోటోల్లోని కొన్ని రాళ్ల మీద సూది మొనలు నూరిన సన్నని గాడులు ఉన్నాయి. మొన్న ఊరికి వెళ్లినప్పుడు తాత రాయిని కడిగి ఎండలో తిప్పి చూశాను. దాని పక్కన కూడా గోరు పట్టేంత గాడి ఒకటి ఉంది. అమ్మను అడిగితే, "దబ్బనం నూరేటోడు బిడ్డా, వడ్ల సంచులు కుట్టేటందుకు" అన్నది.