షార్లెట్ ట్రాక్‌కు లైట్లు పెట్టిచ్చిన హంపీ వీలర్

మా హన్మకొండల ఎండకాలం పగటిపూట కబడ్డీ పెడితే చూసెటోళ్లే ఉండరు, అదే రాత్రి ఫ్లడ్‌లైట్లు పెడితే జనం ఆగరు, అందుకే నాకు హంపీ వీలర్ అంటే అంత ఇష్టం. అమెరికాల నార్త్ కరోలినాల షార్లెట్ మోటార్ స్పీడ్‌వే ఉంటది, స్టాక్ కార్ (చూడనీకి మామూలు కార్ల లెక్క ఉండే రేసు కార్లు) రేసులది, దాంట్లకు 1975ల వచ్చి 2008 దాంక నడిపిచ్చిండు. ఒకటిన్నర మైళ్ల ట్రాక్, అంటే 2.4 కిలోమీటర్లు, గంత పెద్దదానికి 1992ల లైట్లు పెట్టిచ్చిండు, డ్రైవర్ల కండ్లళ్ల వెలుతురు కొట్టకుండ అద్దాల మీదికెల్లి ట్రాక్ మీద పడేటట్టు, ఎంత మంచి ఆలోచన! 1984లనైతే రేస్‌కు ముందు గ్రెనడా యుద్ధం (అమెరికా సైన్యం గ్రెనడా అనే చిన్న దీవి దేశం మీదికి పోయింది) సీన్ హెలికాప్టర్లు, సైనికులతోని చేసి చూపిచ్చిండు. టికెట్ కొన్నోడు రేస్ మొదలుగాకముందే మురిసిపోవాలె, గదీ ఆయన పట్టుదల.