పాత ఈ220 వేడెక్కుతోంది: ఇప్పటిదాకా తేలింది

బండి 1996 మోడల్ మెర్సిడెస్ ఈ220. పుణెలో బిగించిన బండి (కంపెనీ కోడ్ డబ్ల్యూ124), 2.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్ (కోడ్ ఎం111). ఎండలు ముదిరేసరికి టెంపరేచర్ ముల్లు 110 డిగ్రీల దగ్గరికి పోయి దిగనంటోంది. ఇన్నేళ్లలో ఎంతమంది చేతులు మారిందో, ఎవరెవరు ఏ నీళ్లు పోశారో తెలియదు కాబట్టి బండిని తిట్టి లాభం లేదు.

ఈ మోడల్‌కి కొత్తవాళ్లు ఉత్తపుణ్యానికి భయపడుతుంటారు. తర్వాత వచ్చిన చాలా కార్లలో ముల్లు మధ్యలోంచి కదలకుండా ముందే సర్దేసి ఉంచుతారు. దీనికి ఆ మర్యాద లేదు, ఉన్న వేడి ఉన్నట్టు చూపిస్తుంది. ఇంజన్ వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌కి వదిలే వాల్వు థర్మోస్టాట్, అది తెరుచుకునేదే 87 డిగ్రీలకి. మే నెలలో ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడితే 95 దాటడం మామూలే, బండి కదలగానే దిగాలి. దిగకపోతేనే వెతకాలి.

ముందు మీటరునే అనుమానించాను. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో థర్మోస్టాట్ హౌసింగ్ మీద కొలిస్తే ముల్లుకీ దానికీ పెద్ద తేడా లేదు. ఒక చిట్కా: మెరిసే అల్యూమినియం మీద ఆ పరికరం తక్కువ చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద కొలవండి.

బండి చూసిన మెకానిక్ మొదటి మాట: "థర్మోస్టాట్ పీకేద్దాం సార్, మన ఎండలకి అదెందుకు?" హైదరాబాద్‌లో పాత బండి ఉన్న ప్రతివాడూ ఈ మాట వినే ఉంటాడు. వద్దన్నాను. ఈ రకం థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది. రేడియేటర్ దారి తెరుస్తూ, ఇంజన్‌లోనే తిరిగే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొంత కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) రేడియేటర్ మొహం చూడకుండానే తిరుగుతుంది. వేడి తగ్గకపోగా పెరగొచ్చు. తీసి గిన్నెలో నీళ్లు మరిగించి చూస్తే సరిగ్గానే తెరుచుకుంది, తిరిగి పెట్టేశాం.

అసలు ఆధారం, ఎప్పుడు వేడెక్కుతోంది అన్నదే. ట్రాఫిక్‌లో ఎక్కి, రోడ్డు మీద దిగితే గాలి చాలడం లేదు: ఫ్యాన్, దాన్ని ఇంజన్‌తో పట్టించే ఫ్యాన్ క్లచ్, రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్ రెక్కల్లో దుమ్ము. వేగంగా పోతున్నప్పుడు ఎక్కితే నీళ్ల ప్రవాహం చాలడం లేదు: రేడియేటర్, పంపు, మెత్తబడి లోపలికి పీల్చుకుపోయే కింది హోసు. నా బండి పంజాగుట్టలోనూ ఎక్కింది, ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద స్పీడులోనూ ఎక్కింది. అంటే రోగం ఒకటి కాదు. లేదా హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ దాని పై హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయి ఉండాలి.

గ్యాస్కెట్ సంగతి తేలకుండా పార్టుల మీద రూపాయి పెట్టదలచుకోలేదు. ఇంజన్ చల్లారాక కూలెంట్ పోసే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మీద పరీక్ష గొట్టం బిగించి ఇంజన్ నడిపాం. లోపల ఉండే నీలి ద్రవం పసుపు రంగుకి తిరిగితే సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తున్నట్టు. నీలంగానే ఉంది. హాయిగా టీ తాగాం.

తర్వాత విస్కస్ ఫ్యాన్ క్లచ్. లోపల సిలికాన్ ఆయిల్ ఉంటుంది, రేడియేటర్ గుండా వచ్చే గాలి వేడెక్కితే ముందున్న లోహపు పట్టీ వంగి ఫ్యాన్‌ని పట్టించాలి. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపేసి, చేత్తో ఫ్యాన్ తిప్పితే గట్టిగా అడ్డుపడాలి. నాది చల్లగా ఉన్నప్పుడు ఎంత తేలిగ్గా తిరిగిందో వేడిలోనూ అంతే. తిరుగుతున్న ఫ్యాన్‌కి పేపరు చుట్ట అడ్డుపెట్టి చూసేవాళ్లున్నారు, మీరు ఆ పని చేయకండి. పార్టుల బజారు రాణిగంజ్‌లో వెతికితే కొత్త క్లచ్ దొరికింది. దాన్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచాలి, లేకపోతే ఆయిల్ ఉండాల్సిన చోట ఉండదు.

క్లచ్ మార్చాక ఊళ్లో బాధ తీరింది. ఔటర్ మీద మాత్రం అదే వరస.

ఇక రేడియేటర్. ఇందులో నీళ్లు పైనుంచి కిందికి కాదు, ఒక పక్కనుంచి ఇంకో పక్కకి అడ్డంగా పోతాయి. కాబట్టి ఒకే నిలువు గీత మీద పైనా కిందా దాదాపు ఒకే వేడి ఉండాలి. బండి ఆపిన వెంటనే కొలిస్తే పై వరసలు 90 దగ్గర, అడుగు వరసలు చేయి పెట్టేంత చల్లగా ఉన్నాయి. కింది గొట్టాల్లో నీళ్లే పారడం లేదు. డ్రెయిన్ విప్పితే తెల్లటి పొడి దిగింది, మన గీజర్ రాడ్డు మీద కట్టే ఉప్పే అది. బోరు నీళ్ల పుణ్యం.

సిట్రిక్ యాసిడ్‌తో కడిగితే కొంత వదిలింది, అడుగు వరసలు మాత్రం తెరుచుకోలేదు. పాత రాగి రేడియేటర్ అయితే ట్యాంకు ఊడదీసి పుల్లలతో పొడిచి శుభ్రం చేయించేవాణ్ణి. ఇది అల్యూమినియం కోర్, పక్కల ప్లాస్టిక్ ట్యాంకులు, పై హోసు తగిలించే ప్లాస్టిక్ మెడ అప్పటికే పెళుసెక్కింది. రిపేరుకి ఆశపడకుండా కొత్తదే వేశాను. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. మూత కూడా మార్చాను. దాని ప్రెషరు పట్టు పోతే నీళ్లు తొందరగా మరుగుతాయి, ధర చూస్తే రేడియేటర్ ముందు లెక్కలోకే రాదు. నింపేటప్పుడు లోపలి హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, గాలి బుడగలు ఆగేదాకా మూత తీసే నడిపాం.

ఇప్పుడు మధ్యాహ్నం ఎండలో, ఏసీ వేసి, ఔటర్ మీద ముల్లు 90కి అటూ ఇటూ. సిగ్నళ్ల దగ్గర 95కి పోయి దిగుతోంది.

మిగిలిన పని: ఏసీ కండెన్సర్ ముందుండే కరెంటు ఫ్యాన్. ఎవరో పాత ఓనరు డ్యాష్‌బోర్డు కింద స్విచ్ పెట్టించి డైరెక్టుగా కలిపాడు. ఆ వైర్లు పీకి, ఫ్యాన్ వేగం తగ్గించే రెసిస్టర్, ఏసీ గ్యాసు ఒత్తిడిని బట్టి ఫ్యాన్‌ని నడిపే ప్రెషర్ స్విచ్ పనిచేస్తున్నాయో లేదో చూడాలి. శ్రీశైలం ఘాట్ ఎక్కించేది ఆ తర్వాతే.