ఆస్ట్రేలియా 491 వీసా: పాయింట్ల కంటే ముందు చూసుకోవాల్సింది (నా అనుభవం)

ఆస్ట్రేలియా వీసా గురించి నన్ను అడిగేవాళ్లు చాలామంది "మీకు ఎన్ని పాయింట్లు వచ్చాయి?" అన్న ప్రశ్నతోనే మొదలుపెడతారు. నా పాయింట్లు 75, రాష్ట్ర నామినేషన్‌తో కలిపి 90. ఆ అంకె వినగానే వాళ్లు మనసులో తమ లెక్క వేసుకోవడం మొదలుపెడతారు, నేను చెప్పాలనుకున్న మాట అక్కడే ఆగిపోతుంది. ఈ వీసా కోసం నేను పెట్టిన సమయంలో చాలా భాగం పాయింట్లు కూడగట్టడానికి పట్టలేదు. సివిల్ ఇంజినీరుగా నేను చేసిన పని నేనే చేశానని, నన్ను ఎన్నడూ చూడని ఒక మదింపు అధికారికి కాగితం మీద నమ్మకం కలిగించడానికి పట్టింది. కొత్తగా ఈ దారి పట్టేవాళ్లకు ఆ భాగమే వివరంగా చెప్పాలని ఉంది.

ముందు లెక్క సంగతి చూద్దాం. పాయింట్లతో నడిచే నైపుణ్య వీసాలు ప్రధానంగా మూడు. 189 స్వతంత్ర వీసా. 190కి ఏదైనా రాష్ట్రం నామినేట్ చేయాలి, అందుకు 5 పాయింట్లు కలుస్తాయి. 491 ప్రాంతీయ తాత్కాలిక వీసా, దీనికి 15 కలుస్తాయి. మూడింటికీ కనీస అర్హత 65. వయసు 25 నుంచి 32 మధ్య ఉంటే 30 పాయింట్లు, 33 నుంచి 39 వరకు 25, 40 నుంచి 44 వరకు 15. వీసాకు దరఖాస్తు చేయమని పిలుపు అందే రోజుకు 45 నిండి ఉంటే ఇక దారి లేదు. నాకు వయసుకు 25, డిగ్రీకి 15 వచ్చాయి.

అనుభవం దగ్గర మాత్రం నాకు మనసు చివుక్కుమంది. ఆస్ట్రేలియా బయట చేసిన ఉద్యోగానికి మూడేళ్లు నిండితే 5, అయిదేళ్లకు 10, ఎనిమిదేళ్లకు 15 ఇస్తారు. కానీ చివరి పదేళ్లలో చేసినదే లెక్కకు వస్తుంది. పాప పుట్టాక నేను కొన్నేళ్లు ఉద్యోగం మానేశాను. అంతకుముందు చేసిన పని చాలావరకు ఆ పదేళ్ల గీతకు అవతల పడిపోయింది. అందువల్ల 10 పాయింట్లే దక్కాయి. పైగా ఆ గీత ఒకచోట నిలబడదు. పిలుపు కోసం ఎదురుచూస్తున్న కొద్దీ ముందుకు జరుగుతూ, వెనుక ఉన్న పాత అనుభవాన్ని నెలనెలా వదిలేస్తుంది. ఉద్యోగంలో విరామం తీసుకున్న ఆడవాళ్లు అందరికంటే ముందు చూసుకోవాల్సిన నిబంధన ఇది.

ఇక వృత్తుల జాబితా. సివిల్ ఇంజినీర్ వృత్తి కోడ్ 233211. ఇది దీర్ఘకాలిక అవసరాల జాబితాలో ఉంది కాబట్టి 189, 190, 491 మూడింటికీ దరఖాస్తు చేసుకోవచ్చు. కొన్ని వృత్తులకు 190, 491 మాత్రమే, మరికొన్నింటికి 491 మాత్రమే వీలవుతాయి. 2024 డిసెంబరులో 456 వృత్తులతో వచ్చిన కొత్త జాబితాను చూపించి "మా ఉద్యోగం ఉంది, ఇక పీఆర్ (శాశ్వత నివాసం) వచ్చినట్టే" అని సంతోషపడేవాళ్లు ఈమధ్య కనిపిస్తున్నారు. అది యజమాని స్పాన్సర్ చేసే వీసాలకు సంబంధించినది. పాయింట్ల వీసాలకు దానితో సంబంధం లేదు. ఈ రెండింటినీ కలిపేసుకుని ఫీజులు కట్టినవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది.

జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన పిలుపు రాదు. ఎన్ని వీసాలు ఇవ్వాలో ప్రభుత్వం ఏటా నిర్ణయిస్తుంది. 189కి 2023-24లో 30,375 స్థానాలు పెడితే, 2024-25కి వాటిని 16,900కు తగ్గించారు. చదువు మారలేదు, అనుభవం మారలేదు, పాయింట్లూ మారలేదు, అవకాశం మాత్రం దాదాపు సగమైంది. వృత్తిని బట్టి కూడా చాలా తేడా ఉంటుంది. నర్సులు 65 పాయింట్లతో పిలుపు అందుకున్న విడతలు ఉన్నాయి. అకౌంటెంట్లు 90 దాటినా ఎదురుచూసిన కాలం ఉంది. కాబట్టి పక్కింటివాళ్లకు ఎన్ని పాయింట్లతో వచ్చిందో తెలుసుకున్నా, వాళ్లదీ మీదీ ఒకే వృత్తి కాకపోతే ఆ సమాచారం ఎందుకూ పనికిరాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంజినీర్లకు నైపుణ్య మదింపు, అంటే చదువు, అనుభవం ఆ వృత్తికి సరిపోతాయో లేదో తేల్చడం, చేసేది ఇంజినీర్స్ ఆస్ట్రేలియా అనే సంస్థ. ఇంజినీరింగ్ చదువులను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014లో పూర్తి సభ్యత్వం పొందింది. ఆ ఒప్పందం కింద గుర్తింపు ఉన్న కోర్సు అయితే దారి సులువు. నా డిగ్రీ అంతకు ముందుది. అందువల్ల నాకు సీడీఆర్ అనే నివేదిక తప్పలేదు. మన కెరీర్ నుంచి మూడు ఘట్టాలను ఎంచుకుని, ఒక్కోదాన్ని 1,000 నుంచి 2,500 పదాల మధ్య రాయాలి. ప్రతి పేరాకు సంఖ్య ఇవ్వాలి. చివర ఒక సారాంశ పట్టికలో, ప్రొఫెషనల్ ఇంజినీరుకు ఉండాల్సిన 16 సామర్థ్యాలలో ఏది ఏ పేరాలో కనిపిస్తుందో చూపించాలి.

రోడ్డు పక్కన మట్టి జారకుండా కట్టిన ఒక రిటైనింగ్ వాల్‌ను నేను రెండో ఘట్టంగా తీసుకున్నాను. "మా బృందం గోడను డిజైన్ చేసింది, పని సకాలంలో పూర్తయింది" అని రాస్తే మదింపు అధికారికి నా గురించి తెలిసేది ఏమీ ఉండదు. ఆ గోడ వెనుక మట్టిలో నీరు నిలవదన్న అంచనాతో మొదటి డిజైన్ జరిగింది. వానాకాలంలో తవ్వకం గోడల నుంచి నీరు ఊరడం సైటులో నా కంట పడింది. నీటి ఒత్తిడిని కలిపి మళ్లీ లెక్కకడితే, గోడ ముందుకు జారిపోకుండా ఉండాల్సిన భద్రత కావలసిన స్థాయి కంటే కిందికి వచ్చింది. గోడ వెనుక కంకర వడపోత పొర, అడుగున నీరు పోయే గొట్టం, పునాది కింద షియర్ కీ (గోడ జారకుండా నేలలోకి దిగే కాంక్రీటు దిమ్మ) ప్రతిపాదించాను. ఖర్చు పెరుగుతుందని కాంట్రాక్టరు ఒప్పుకోలేదు. అప్పుడు షియర్ కీ కొలతను ఎలా తగ్గించానో, ఏ కోడ్ నిబంధన ఆధారంగా వాదించానో, తుది నిర్ణయం ఎవరిదో కూడా రాశాను. నా లెక్క ఉన్న పేజీని, నేను గీసిన స్కెచ్‌ను జతచేశాను. ఈ ఒక్క ఘట్టానికే నాకు చాలా సాయంత్రాలు పట్టాయి. పాత మెయిళ్లు, సైటు డైరీలు వెతికి తేదీలు సరిచూసుకుంటూ రాశాను. ఇన్నేళ్లలో నేను ఎంత పని చేశానో అది రాస్తున్నప్పుడే నాకు స్పష్టంగా కనిపించింది.

డబ్బులిస్తే సీడీఆర్ రాసిపెడతామనేవాళ్లు ఊరూరా ఉన్నారు. నన్నూ ఒక కన్సల్టెన్సీ అడిగింది, "పీఆర్ గ్యారంటీ" అని కూడా చెప్పింది. దయచేసి వాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఒకరి కోసం రాసిన పేరాలే ఇంకొకరి నివేదికలోనూ తేలతాయి, అక్కడ నకళ్లు పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఉంది. దొరికితే మదింపు తిరస్కరించడమే కాదు, కొంతకాలం మళ్లీ దరఖాస్తు చేయకుండా నిషేధిస్తారు. సలహా తప్పనిసరి అయితే ఆస్ట్రేలియాలో రిజిస్టరైన మైగ్రేషన్ ఏజెంట్లు ఉంటారు. వాళ్ల నంబరును ప్రభుత్వ రిజిస్టరులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. వీసా ఇస్తామని గ్యారంటీ ఇచ్చే అధికారం మాత్రం వాళ్లకూ లేదు.

మరో పెద్ద అడ్డంకి అనుభవ ధ్రువీకరణ పత్రం. హోదా, చేరిన తేదీ, వదిలిన తేదీ ఉంటే చాలదు. చేసిన విధులు, వారానికి ఎన్ని గంటలు, సంతకం చేసినవారి హోదా, వారిని సంప్రదించే వివరాలు అన్నీ సంస్థ లెటర్‌హెడ్ మీద ఉండాలి. నా పాత సంస్థ హెచ్‌ఆర్ విభాగం తమ పద్ధతిలో రెండు వాక్యాల లేఖ తప్ప ఇంకేమీ ఇవ్వనంది. మర్యాదగా అడిగినా అదే సమాధానం, వివరించి అడిగినా అదే. చివరికి అక్కడే పనిచేస్తున్న నా పాత ప్రాజెక్టు మేనేజరుగారు పూనుకున్నారు. నేను పంపిన విధుల జాబితా చదివి, రెండు చోట్ల మార్పులు చెప్పి, "అమ్మా, ఇది నువ్వు చేసిన పనే, సంతకం పెట్టడానికి నాకేమిటి అభ్యంతరం" అన్నారు. ఆయన చొరవతోనే లెటర్‌హెడ్ మీద లేఖ వచ్చింది. దానికి తోడుగా జీతం స్లిప్పులు, పన్ను పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టాను. ఉద్యోగం మారేటప్పుడే ఇలాంటి లేఖ తీసుకోండి. మిమ్మల్ని ఎరిగినవాళ్లు సంస్థను వదిలి వెళ్లాక అది సంపాదించడం ఎంతో కష్టం.

ఇంగ్లిషు పరీక్ష గురించి క్లుప్తంగా చెబుతాను. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ 7 వస్తే 10 పాయింట్లు, నాలుగింటిలోనూ 8 వస్తే 20. ఒక్క రైటింగ్‌లో 7.5 దగ్గర ఆగినా 20 రావు. మొదట నాకు అలాగే జరిగింది, తర్వాత రాసిన పరీక్షలో 8 దాటాను. మా వారు బ్యాంకు ఉద్యోగి, ఆయన వృత్తికి మదింపు చేయించే ఆలోచన మేం పెట్టుకోలేదు. ఆయన అన్ని విభాగాల్లో 6 తెచ్చుకోవడంతో భాగస్వామి ఇంగ్లిషుకు 5 కలిశాయి. తెలుగు బాగా వచ్చినవాళ్లకు ఇంకో 5 పాయింట్ల దారి ఉంది. అనువాదకులకు గుర్తింపు ఇచ్చే ఆస్ట్రేలియా సంస్థ NAATI నిర్వహించే సీసీఎల్ అనే భాషా పరీక్షలో రెండు సంభాషణలను ఇంగ్లిషు, తెలుగు భాషల మధ్య అనువదించి చెప్పాలి. 90కి 63 రావాలి. నేను సాధన మొదలుపెట్టాను కానీ ఆ అవసరం రాలేదు.

ఆస్ట్రేలియా ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ అయిన స్కిల్‌సెలెక్ట్‌లో వేసే ఆసక్తి వ్యక్తీకరణను అందరూ ఈఓఐ అంటారు. అది రెండేళ్లు చెల్లుతుంది. ఒకే స్కోరు ఉన్నవాళ్లలో ముందు ఆ స్కోరుకు చేరుకున్నవాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది. ఈఓఐ వేయడానికి డబ్బు కట్టనక్కర్లేదు కాబట్టి కొందరు రాని పాయింట్లు కూడా వేసుకుంటారు. పిలుపు వచ్చాక అందులోని ప్రతి పాయింటుకూ కాగితం చూపించాలి. చూపించలేకపోతే వీసా తిరస్కరిస్తారు, కట్టిన ఫీజు వెనక్కి రాదు.

నేను 491 కోసం దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రానికి విడిగా ఆసక్తి నమోదు చేశాను. చాలామంది 491ని రెండో రకం వీసాగా చూస్తారు. నాకు ఆ మాట నచ్చదు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మహానగరాలు మినహాయిస్తే 2019 నవంబరు నుంచి దేశమంతా ప్రాంతీయం కిందికే వస్తుంది. అంటే అడిలైడ్, పెర్త్, కాన్‌బెర్రా కూడా. విశ్వవిద్యాలయాలు, పెద్ద ఆసుపత్రులు ఉన్న నగరాలు ఇవి. 491 ఉన్నవాళ్లు ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికేర్‌లో నమోదు కావచ్చు. వీసా గడువు అయిదేళ్లు. మూడేళ్లు ఆ వీసా మీద ఉండి, షరతులు పాటించి, పన్ను మదింపు నోటీసులు చూపిస్తే శాశ్వత నివాసం ఇచ్చే 191కి దరఖాస్తు చేసుకోవచ్చు.

రాష్ట్రం నామినేట్ చేశాక 60 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. 2024 జులైలో ఫీజు 4,765 ఆస్ట్రేలియా డాలర్లకు పెరిగింది. అంతకుముందే కట్టాం కాబట్టి నాకు 4,640, మా వారికి 2,320, పాపకు 1,160 అయింది. పోలీసు క్లియరెన్స్, వైద్య పరీక్షలు ఏ ఇబ్బందీ లేకుండా జరిగాయి. ఆ తర్వాత ఎదురుచూడటమే మిగిలింది. వీసా మంజూరైందన్న మెయిల్ వచ్చిన రోజు ముందుగా ఫోను చేసింది ఆ ప్రాజెక్టు మేనేజరుగారికే.

ఇప్పుడు అడిలైడ్‌లో ఉన్నాం. అవసరమైన వృత్తుల జాబితాలో ఉన్నాం కదా, దిగగానే ఉద్యోగం దొరుకుతుందని అనుకునేవాళ్లకు ఒక మాట. వీసా ఇచ్చేది ప్రభుత్వం, ఉద్యోగం ఇచ్చేది సంస్థలు. ఇంటర్వ్యూల్లో నా పాయింట్లు ఎవరూ అడగలేదు. కాంక్రీటుకు ఏఎస్ 3600, వంతెనలకు ఏఎస్ 5100 అనే ఆస్ట్రేలియా కోడ్‌లు ఎంత తెలుసో అడిగారు. మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456తో పనిచేసిన వాళ్లకు మూలసూత్రాలు కొత్తవి కావు, లోడ్ గుణకాలు, కడ్డీల అమరిక (డిటెయిలింగ్) నిబంధనలు మాత్రం కూర్చుని చదవాలి. వీసా కోసం ఎదురుచూసే నెలల్లోనే ఆ చదువు మొదలుపెట్టండి. నేను రాసుకున్న ఆ రిటైనింగ్ వాల్ ఘట్టాన్ని ఇంటర్వ్యూలో అడిగి, అదే గోడను ఇక్కడి కోడ్ ప్రకారం ఎలా చేస్తావని బోర్డు మీద లెక్క వేయించిన సంస్థలోనే ఇప్పుడు పనిచేస్తున్నాను.