చిలుము

రాత్రి పదకొండున్నర. నిద్ర రావడం లేదు. అత్తయ్య నా నాణేన్ని తోమేశారు.

అదే, బల్ల మీద చిన్న డబ్బాలో ఉండే, బైజాంటైన్ చక్రవర్తి హెరాక్లియస్ నాటి రాగి నాణెం. దాదాపు పద్నాలుగు వందల ఏళ్లు మెల్లగా పట్టిన ముదురాకుపచ్చ పొర, పులిహోర చింతపండు పిప్పితో, చిటికెడు ఉప్పుతో ఐదు నిమిషాల్లో పోయింది. "చిలుము పట్టిపోయిందే అమ్మాయ్, చూడు ఎలా మెరుస్తోందో" అని చేతిలో పెట్టారు. కొత్త రాగి చెంబులా ఉంది. "థాంక్స్ అత్తయ్యా" అన్నాను. అదీ నా ధైర్యం.

మావారు "రాగే కదా, బంగారం కాదుగా" అన్నారు. అక్కడ ఇంకా మండింది. సాలిడస్ అనే బంగారు నాణేలు ఉంటే ఉండనీ, రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో రొట్టె కొనుక్కునేవాడి చేతిలో ఆడింది ఫాలిస్ అనే ఈ రాగి బిళ్లే! 498లో అనస్టాసియస్ చక్రవర్తి పెద్ద ఎమ్ అక్షరంతో దీన్ని కొట్టించాడు. గ్రీకు లెక్కలో ఆ అక్షరం 40. అంటే నుమ్మస్ అనే గోరంత నాణేలు నలభై కలిపి ఒక్క బిళ్ల. తర్వాత జస్టినియన్ ఏలుబడి సంవత్సరం కూడా వేయించి, అరచేతికి బరువు తెలిసేంత పెద్దవి చేయించాడు. హెరాక్లియస్ కాలానికి పర్షియాతో యుద్ధాలు. కొత్త బిళ్లలు పోతపోసే ఓపిక లేక పాతవాటి మీదే ముద్ర గుద్దేశారు.

ఇది రాస్తుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది. శుక్రవారం పొద్దున రాగి చెంబు తోమాక మిగిలిన పిప్పి నాకిచ్చేది. పోపులపెట్టె అడుగున్న చిల్లు కాణీలు ఐదింటినీ తోమి, దారానికి గుచ్చి, మెడలో వేసుకుని ఊరంతా తిరిగేదాన్ని. వేళ్లకి రాగి వాసన, గోళ్లలో పులుపు. ఒకటి బావిలో పడితే రెండు రోజులు అన్నం తినలేదు. అప్పుడు పాత పొర గురించి నాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినేదాన్ని కాదు.

ఇందాక దీపం కింద పెట్టి చూశాను. ఎమ్ కాలి పక్కన ఇంకో అక్షరం తల ఉంది, అడ్డంగా. కింద నలిగిపోయిన పాత ముద్రే అయ్యుండాలి. ఇంతకుముందే ఉందేమో, నేనే సరిగ్గా చూడలేదేమో. ఏమైనా, హెరాక్లియస్ మనుషులు చేసిన దానికంటే అత్తయ్య చేసింది పెద్ద ఘోరమేం కాదు.

కాదు, ఘోరమే. అడగొచ్చుగా.

పులుపు మిగలకూడదని గిన్నెలో మంచినీళ్లు పోసి నానబెట్టాను. మూత మీద చీటీ అంటించాను: "అత్తయ్యా, ఈ నీళ్లు పారబొయ్యకండి."