నల్లగొండ వాళ్లం, నీళ్లను చూసి నమ్మం

సింగపూర్‌లో చిన్నమ్మ బిడ్డ ఇంట్లో దిగాం. చెల్లె వంటింట్లో నల్లా తిప్పి గ్లాసు నింపి అమ్మ చేతికిచ్చింది. అమ్మ తాగకుండా దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"ఫిల్టర్ లేదా బిడ్డా? గిట్లనే తాగుతరా?"

"అందరం గిట్లనే తాగుతం పెద్దమ్మా. కాచుడు కూడా లేదు."

అమ్మ గ్లాసు పక్కన పెట్టేసింది. అది చాదస్తం కాదు. ఆమె పుట్టిల్లు మర్రిగూడ మండలంలో ఉంది. ఆ ఊళ్లో బోరు నీళ్లు తేటగా ఉండేవి, వాసన లేదు, మురికి లేదు. అవే తాగి పెరిగిన మా మేనమామకు నడుం వంగిపోయింది. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషే మొత్తం తిరగాలి. ఆ ఇంట్లో పిల్లలందరివీ గార పళ్లే. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మా వైపు చాలా బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పైగా ఆ నీళ్లను కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైపోయి ఉన్నది ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు తయారు చేస్తే, దానికి 'నల్లగొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే పడింది. ఆ తర్వాత ఆర్వో ప్లాంట్లు, డబ్బా నీళ్లు వచ్చాయి, మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇంటి దాకా వచ్చాయి. ఇంత చూసిన మనిషి తేట నీళ్లని గబుక్కున ఎలా తాగుతుంది?

అమ్మకు నచ్చజెబుదామని చెల్లె అసలు విషయం చెప్పింది: సింగపూర్ నీళ్లలో ఫ్లోరైడ్‌ను కావాలనే కలుపుతారట! అమ్మ ముఖం చూడాలి. కానీ ఆ మాట నిజం. పళ్లు పుచ్చిపోకుండా 1950ల నుంచి అక్కడ కలుపుతున్నారు. మోతాదు మాత్రం ఆ 1.5 గీతకు బాగా కింద ఉంటుంది, దాన్ని ఎప్పటికప్పుడు పరీక్షిస్తారు. వాన నీళ్ల చెరువులు, మలేషియాలోని జొహోర్ నుంచి కొనే నీళ్లు, వాడిన నీటినే మళ్లీ శుద్ధి చేసిన 'న్యూవాటర్', ఉప్పు తీసిన సముద్రపు నీళ్లు. ఈ నాలుగూ కలిపి ఊరంతటికీ తాగే నీళ్లు ఇస్తారు. ఏ నల్లా తిప్పినా సరే. ఒక ఊరు ఇంత పని చేయగలిగితే మా మేనమామ నడుం అలా ఎందుకు వంగాలి అని నాకు చాలా బాధనిపించింది. సాయంత్రానికి అమ్మ ఆ నీళ్లే తాగింది.

సింగపూర్ ముచ్చట అక్కడితో సరి. వియత్నాంలో దిగాక లెక్క తిరగబడింది.

హనోయ్‌లో నల్లా నీళ్లు అక్కడివాళ్లే నేరుగా తాగరు. కాచుకుంటారు, లేదంటే బాటిల్. బాపు హోటల్ గదిలో కెటిల్ చూసి "కాస్తే ఏం లాభం, మన దగ్గర పోయిందా?" అన్నాడు. నల్లగొండ మనిషికి రావాల్సిన అనుమానమే ఇది. నీటిలో చెడు రెండు రకాలు. ఒకటి ఉప్పులు, లోహాలు. ఇవి కాస్తే పోవు. ఏళ్ల తరబడి తాగితే కీడు చేస్తాయి. రెండోది క్రిములు. ఇవి ఒక్క గ్లాసుతోనే పడుకోబెడతాయి, కానీ మరిగిస్తే చస్తాయి. నాలుగు రోజులు తిరిగొచ్చేవాళ్లకు భయం రెండోదానితోనే. నీళ్లు తెర్లి ఒక నిమిషం మరిగితే చాలు. బాగా ఎత్తైన కొండ ఊళ్లలో మూడు నిమిషాలు మరగాలి. మేం రాత్రి కెటిల్‌లో కాచి, చల్లారాక స్టీలు బాటిళ్లలో పోసుకునేవాళ్లం. పళ్లు తోముకోవడానికీ అవే. బయట బాటిల్ కొంటే మూత కింద రింగు తెగి ఉందా లేదా అని మా అమ్మే ముందుగా చూసేది.

ఐసు సంగతి చాలామంది మర్చిపోతారు. గడ్డకడితే క్రిములు చావవు. హనోయ్ ఫుట్‌పాత్‌ల మీద చిన్న ప్లాస్టిక్ స్టూళ్లు వేసి గ్లాసు నిండా ఐసుతో టీ ఇస్తారు. మధ్యలో బొక్క ఉన్న గొట్టం లాంటి ఐసు సాధారణంగా ఫ్యాక్టరీలో శుద్ధి చేసిన నీళ్లతో తయారవుతుంది. దిమ్మను పగలగొట్టిన ఐసు దానికంటే అనుమానం. కానీ ఫ్యాక్టరీ ఐసును కూడా ఏ చేత్తో తీశారో, ఏ డబ్బాలో ఉంచారో మనకు తెలియదు. ఇంట్లో పెద్దవాళ్లు వెంట ఉన్నారు కాబట్టి మేం వేడి టీ అడిగాం, సంతోషంగా ఇచ్చారు.

తిండి దగ్గరికొస్తే, రోడ్డు పక్కన తినొద్దు అనే సలహాతో నాకు పేచీ ఉంది. హనోయ్‌లో మేం తిన్నవాటిలో నేను అన్నిటికంటే నమ్మింది ఒక సందులోని ఫో బండినే. ఫో అంటే వేడి చారులో వేసిచ్చే సేమ్యా. పెద్ద మంట మీద పెద్ద బగోనా, అందులో పొద్దుటి నుంచీ కుతకుతలాడుతున్న చారు. ఒకామె బియ్యపు సేమ్యాను జాలీలో వేసి మరిగే నీళ్లలో ముంచి లేపి గిన్నెలో వేస్తుంది. పైన ఉడికిన కోడిమాంసం ముక్కలు, ఉల్లికాడలు. ఆ మీద గరిటెడు పొగలు కక్కే చారు. పెద్దకూర తినం కాబట్టి కోడితో చేసే 'ఫో గా' చెప్పుకున్నాం. మొదటి గుటకకే అమ్మ "మన బొక్కల చారు తీర్గనే ఉంది" అంది. కళ్ల ముందు మరిగింది, చెయ్యి కాలే వేడిగా గిన్నెలోకి వచ్చింది. ఇంతకంటే ఏం కావాలి? ఎండకు నిలిచిన బండి, జనం లేని బండి వేరే సంగతి. స్థానికులు వరుస కట్టిన చోట సరుకు నిలవ ఉండదు.

బున్ చా అనే వంటకంతో పళ్లెం నిండా పుదీనా, రకరకాల పచ్చి ఆకులు పెడతారు. ఘుమఘుమలాడుతుంటాయి. కానీ వాటిని కడిగింది నల్లా నీళ్లతోనే. వదిలేశాం. తోలు ఒలిచే అరటి, డ్రాగన్ ఫ్రూట్ మనమే కోసుకుని తిన్నాం.

బాపుకు కడుపు చెడింది బండి దగ్గర కాదు, హా లాంగ్ బేలో పడవ ఎక్కిన రోజు. తెల్లటి గుడ్డలు పరిచిన బఫే. అద్దాల్లా మెరిసే పళ్లేలు, గోరువెచ్చటి రొయ్యలు. వండింది 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉండాలి. ఆ మధ్యలో గంటల కొద్దీ ఉంటే క్రిములకు పండగే. ఏది పడలేదో తేల్చి చెప్పలేం కానీ నా అనుమానం ఆ రొయ్యల మీదే. రాత్రికి విరేచనాలు మొదలయ్యాయి.

విదేశంలో, అర్ధరాత్రి, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. టెన్షన్ పడ్డాను. నల్లగొండలో కొన్న ఓఆర్‌ఎస్ పొడి అప్పుడు ఆదుకుంది. టెట్రా ప్యాకుల్లో అమ్మే తియ్యటి డ్రింకులు ఆ పని చేయవు. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడే కావాలి, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు అని ఉంటే సరిగ్గా అన్నే కలపాలి. దొరక్కపోతే లీటరు కాచిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చిన్న చెంచాతో అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి. అమ్మ రాత్రంతా గుక్క గుక్కగా తాగించింది. విరేచనాలు ఆపే మాత్ర తెచ్చుకున్నాం కానీ జ్వరం, రక్తం ఉంటే అది వేయకూడదు, నేరుగా డాక్టర్ దగ్గరికి పోవాలి. బాపుకు ఆ రెండూ లేవు. మర్నాడు మెత్తటి అన్నం గంజి, అమ్మ తెచ్చిన నిమ్మకాయ తొక్కు నాలుక్కి రాసుకుని తిన్నాడు.

దసరాకు బావ వాళ్లు బాలి పోతున్నారు. వాళ్లకు రెండు మాటలు ముందే చెప్పాను. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ టీకాల గురించి డాక్టర్‌ను కొన్ని వారాల ముందే అడగండి, టీకా పనిచేయడానికి టైం కావాలి. తిరిగొచ్చాక మూడు వారాల దాకా ఎవరికి జ్వరం వచ్చినా మామూలు జ్వరమని గోలీ వేసుకుని కూర్చోకండి. టైఫాయిడ్ అంత ఆలస్యంగా కూడా బయటపడుతుంది. ఏ దేశం పోయొచ్చారో డాక్టర్‌కు మొదటి మాటలోనే చెప్పండి.