నాలుగు చోట్ల అమ్మకం, ఒకటే గోడౌన్: స్టాక్, పేమెంట్లు, టాలీ కలిపిన నా అనుభవం

విజయవాడ వన్‌టౌన్‌లోని మా గోడౌన్ నుంచి మంగళగిరి కాటన్ చీరలు, కుట్టిన కుర్తీలు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషోల్లోనూ మా సొంత వెబ్‌సైట్‌లోనూ అమ్ముతాం. అమ్మకం నాలుగు చోట్ల, సరుకు మాత్రం ఒకే రాకుల్లో. స్టాక్, పేమెంట్లు, లెక్కలు చేత్తో రాయడం మానేసి మొత్తం సాఫ్ట్‌వేర్ మీదికి తేవడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడానికి పట్టింది వారమే. మిగతా కాలమంతా సరుకు పేర్లు సరిచేయడానికి, బ్యాంకులో పడిన డబ్బు దేని తాలూకో తేల్చడానికి సరిపోయింది. అందుకే ఆ వరుసలోనే రాస్తున్నాను.

మొదటి పని ఎస్‌కేయూలు, అంటే రకం, రంగు, సైజుల వారీగా ఒక్కో సరుకుకి మనం ఇచ్చే కోడ్‌లు. ఒకే కుర్తీ ఒక సైట్‌లో ఒక పేరుతో, ఇంకో సైట్‌లో ఇంకో కోడ్‌తో ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ అయినా దాన్ని రెండు సరుకులుగానే చూస్తుంది. ఒక మాస్టర్ షీట్ తయారు చేశాను: మన కోడ్, ఏఎస్‌ఐఎన్ (అమెజాన్ ఇచ్చే కోడ్), ఎఫ్‌ఎస్‌ఎన్ (ఫ్లిప్‌కార్ట్ ఇచ్చే కోడ్), మీషో కేటలాగ్‌లో ఇచ్చిన కోడ్, హెచ్‌ఎస్‌ఎన్ (జీఎస్‌టీలో సరుకు రకాన్ని చెప్పే కోడ్), పన్ను రేటు, కొన్న ధర, ప్యాక్ చేశాక బరువు, కొలతలు. కోడ్‌లో రకం, డిజైన్ నంబరు, రంగు, సైజు ఆ వరుసలో ఉండాలి. ధర, సంవత్సరం, సప్లయర్ పేరు కోడ్‌లో పెట్టకూడదు. అవి మారతాయి, కోడ్ మారకూడదు. సున్నాకి, 'ఓ' అక్షరానికి తేడా తెలియక ప్యాకింగ్ దగ్గర తప్పులు జరుగుతాయి కాబట్టి 'ఓ', 'ఐ' అక్షరాలు అసలు వాడలేదు.

ఎక్సెల్ వల్ల వచ్చే నష్టం ఇక్కడే మొదలవుతుంది. మెరూన్ రంగుకి 'ఎంఏఆర్' అని, పక్కన డిజైన్ నంబరుగా 02 అని కోడ్ పెడితే ఎక్సెల్ దాన్ని మార్చి నెల 2వ తేదీగా చేసేస్తుంది. సున్నాతో మొదలయ్యే కోడ్‌లో ఆ సున్నా ఎగిరిపోతుంది. అన్నిటికంటే ప్రమాదం ఆర్డర్ ఐడీలతో. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెలే నిలుపుతుంది, ఆ తర్వాతి అంకెలన్నీ సున్నాలవుతాయి. 17, 18 అంకెల ఐడీలున్న రిపోర్టును డబుల్ క్లిక్ చేసి తెరిచి సేవ్ చేశామంటే ఆ ఐడీలు ఇక దేనితోనూ కలవవు. సీఎస్‌వీ ఫైల్‌ను (రిపోర్టులు వచ్చే సాదా టెక్స్ట్ ఫైల్) ఎప్పుడూ 'డేటా' మెనూ నుంచి తెచ్చుకుని, ఐడీ కాలమ్‌ను 'టెక్స్ట్' అని ఎంచుకోవాలి. డౌన్‌లోడ్ చేసిన అసలు ఫైల్‌ను తెరవకుండా ఒక ఫోల్డర్‌లో అలాగే ఉంచుతాను.

తర్వాత స్టాక్. రెండు రోజులు డిస్పాచ్ ఆపి ప్రతి పీసూ లెక్కబెట్టి, 50 బై 25 మిల్లీమీటర్ల థర్మల్ లేబుల్ మీద కోడ్ 128 రకం బార్‌కోడ్ అంటించాం. లెక్క తప్పుగా ఉన్న స్టాక్‌ను ఆటోమేషన్‌లోకి ఎక్కిస్తే ఆ తప్పు నాలుగు సైట్లకీ ఒకేసారి పాకుతుంది. అందుకే ఈ రెండు రోజుల అమ్మకం పోయినా ఫర్వాలేదనుకున్నాను.

స్టాక్ లెక్కను అన్ని సైట్లకీ పంపే సింక్ అప్పటికప్పుడు జరిగేది కాదు. మేం వాడే సాఫ్ట్‌వేర్ 15 నిమిషాలకోసారి స్టాక్ పంపుతుంది. ఆ 15 నిమిషాల్లో ఒకటే ఎల్ సైజు కుర్తీ రెండు చోట్ల అమ్ముడుపోతే ఒక ఆర్డర్ మనమే రద్దు చేసుకోవాలి, అకౌంట్ రేటింగ్ దెబ్బతింటుంది. దీనికి మందు బఫర్. ఆఫర్ రోజుల్లో ఒక సింక్‌కీ మరో సింక్‌కీ మధ్య ఆ సైజు ఎక్కువలో ఎక్కువ ఎన్ని పీసులు పోయిందో చూసి, అంత స్టాక్‌ను సైట్లకి చూపకుండా దాచాలి. మాకు ఎం, ఎల్ సైజులకి 3, మిగతావాటికి 1 సరిపోయాయి. ఒక్కటే పీసు ఉన్న చేనేత చీరని మాత్రం ఒక్క చోటే పెడతాను. దాన్ని నాలుగు చోట్లా పెట్టి సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకోవడం నా లెక్కలో తప్పు. కాంబోలకి విడిగా స్టాక్ రాయకూడదు. చీర 4, బ్లౌజ్ ముక్క 7 ఉంటే కాంబో 4 అని విడి సరుకుల్లోంచే లెక్క రావాలి.

రిటర్నుల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. పార్సిల్ మన గోడౌన్‌కి చేరిందని కొరియర్ స్కాన్ చేయగానే స్టాక్ పెంచే సెట్టింగ్ కొన్ని సాఫ్ట్‌వేర్లలో ముందే ఆన్ అయి ఉంటుంది. మొట్టమొదట అది ఆపాలి. కస్టమర్ తీసుకోకుండా తిరిగొచ్చిన ఆర్‌టీఓ పార్సిల్ చాలావరకు బాగానే ఉంటుంది, కస్టమర్ తెరిచి వెనక్కి పంపినది అలా ఉండదు. మరక, ఊడిన ట్యాగ్, ఒక్కోసారి అసలు మనది కాని బట్ట. మా దగ్గర రిటర్న్ పార్సిల్ ఏడబ్ల్యూబీ (కొరియర్ ట్రాకింగ్) నంబరు స్కాన్ చేసి, కెమెరా ముందు విప్పి, 'బాగుంది', 'ఉతికి ఇస్త్రీ', 'పాడైంది', 'మనది కాదు' అనే నాలుగింటిలో ఒకటి నొక్కితేనే స్టాక్ కదులుతుంది. చివరి రెండింటికీ క్లెయిమ్ పెట్టాలి. గడువు ఒక్కో సైట్‌కి ఒక్కోలా ఉంటుంది, వీడియోలో లేబుల్, లోపలి సరుకు ఒకే షాట్‌లో కనిపించాలి.

ఇక పేమెంట్లు. నాలుగు నెలల్లో రెండు నెలలు దీనికే పోయాయి. బ్యాంకులో పడిన మొత్తాన్నే అమ్మకంగా రాసుకోవడం చాలామంది చేసే తప్పు, మా పుస్తకాల్లోనూ అదే ఉండేది. ఒక కుర్తీ లెక్క చూడండి. అమ్మిన ధర పన్నుతో కలిపి 899 రూపాయలు. 5 శాతం జీఎస్‌టీ తీస్తే అసలు విలువ 856.19, పన్ను 42.81. కమీషన్, షిప్పింగ్ కలిపి 195 అనుకుందాం, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 35.10. జీఎస్‌టీ టీసీఎస్ (అమెజాన్ లాంటి మార్కెట్‌ప్లేస్ మన డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టేది) అరశాతం, అంటే 4.28. ఆదాయపు పన్ను కింద అలాగే ముందే కోసే టీడీఎస్ 0.1 శాతం, అంటే 0.86. చేతికొచ్చేది 663.76. కోతలు నాలుగున్నా అసలు ఖర్చు ఆ 195 ఒక్కటే. 35.10 ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మనం కట్టాల్సిన జీఎస్‌టీలో తగ్గుతుంది), 4.28 జీఎస్‌టీ పోర్టల్‌లోని మన క్యాష్ లెడ్జర్‌లోకి, 0.86 ఆదాయపు పన్ను రిటర్ను వేసినప్పుడు తిరిగి మనకే వస్తాయి. 663.76ని అమ్మకంగా రాస్తే ఈ మూడూ కనపడకుండా పోతాయి, పైగా మార్కెట్‌ప్లేస్ ప్రభుత్వానికి చూపిన మన అమ్మకంతో మన లెక్క కలవదు.

పాత షీట్లు వాడేవాళ్లు రేట్లు చూసుకోవాలి. టీసీఎస్ 2024 జూలై 10 నుంచి 1 శాతం నుంచి 0.5కి తగ్గింది. టీడీఎస్ 2024 అక్టోబరు 1 నుంచి 1 శాతం నుంచి 0.1కి తగ్గింది. ఫార్ములాలో పాత రేటు మిగిలిపోతే ప్రతి ఆర్డర్‌లోనూ రూపాయో పదో తేడా చూపిస్తుంది, కారణం తెలియక రోజులు పోతాయి.

మా లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో ఒక్కో సైట్‌కి సండ్రీ డెబ్టర్స్ (మనకి డబ్బు ఇవ్వాల్సినవాళ్లు) కింద ఒక క్లియరింగ్ లెడ్జర్, అంటే డబ్బు వచ్చేదాకా ఆర్డర్ విలువను ఉంచే ఖాతా, తెరిచాం. అమ్మిన రోజు క్లియరింగ్‌కి 899 డెబిట్, అమ్మకానికి 856.19, అవుట్‌పుట్ జీఎస్‌టీకి 42.81 క్రెడిట్. సెటిల్‌మెంట్ వచ్చిన రోజు బ్యాంకుకి 663.76, ఫీజులకి 195, ఫీజుల జీఎస్‌టీకి 35.10, టీసీఎస్‌కి 4.28, టీడీఎస్‌కి 0.86 డెబిట్, క్లియరింగ్‌కి 899 క్రెడిట్. ఆ ఆర్డర్ వరకు లెడ్జర్ సున్నా. నెలాఖరున క్లియరింగ్‌లో మిగిలిన మొత్తం, ఇంకా డబ్బు రాని ఆర్డర్ల జాబితా మొత్తం ఒకటే అవ్వాలి. కాకపోతే ఎక్కడో తప్పుంది. ఈ ఒక్క పరీక్షే మా ఆటోమేషన్‌కి కాపలా. ఫీజుల జీఎస్‌టీని మాత్రం నేరుగా క్రెడిట్‌గా తీసుకోవద్దు. 'ఇన్‌వాయిస్ రావాలి' అనే లెడ్జర్‌లో ఉంచి, మార్కెట్‌ప్లేస్ ఇన్‌వాయిస్ మన జీఎస్‌టీఆర్-2బీలో (మనకి రావాల్సిన క్రెడిట్లను పోర్టల్ చూపే జాబితా) కనిపించాకే మార్చాలి.

సరిపోల్చడం రెండు అంచెల్లో జరుగుతుంది. మొదట ఆర్డర్ ఐడీతో: ఒక ఆర్డర్ కింద సెటిల్‌మెంట్ ఫైల్‌లో ఉన్న వరుసలన్నీ కూడి, రావాల్సినదానితో పోల్చాలి. ఒక ఆర్డర్‌కి ఒకే వరుస ఉండదు. సరుకు ధర, కమీషన్, షిప్పింగ్, వాటి పన్నులు వేర్వేరు వరుసల్లో వస్తాయి. రిటర్నయితే అవే వరుసలు మైనస్‌లో, ఒక్కోసారి రెండు సెటిల్‌మెంట్ల తర్వాత వస్తాయి. రూపాయిలోపు తేడాని సాఫ్ట్‌వేర్ వదిలేస్తుంది, అంతకు మించితే మనిషి చూస్తాడు. రెండో అంచె యూటీఆర్ (బ్యాంకు బదిలీకి ఉండే గుర్తింపు) నంబరుతో: ఆ సెటిల్‌మెంట్ మొత్తం, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పడిన మొత్తం ఒకటేనా అని. మొదట్లో మాకు తేడాలు ఎక్కువగా వచ్చింది బరువు దగ్గర. అరకిలో లోపు పార్సిల్‌కి పై స్లాబు షిప్పింగ్ పడేది. మాస్టర్ షీట్‌లో బరువు, కొలతలు రాసి ఉన్నందువల్లే అవి దొరికాయి. త్రాసు మీద పార్సిల్ ఫొటో జతచేసి క్లెయిమ్ చేస్తాం.

సొంత వెబ్‌సైట్ డబ్బు వేరే దారిలో వస్తుంది. 2 శాతం ఫీజున్న గేట్‌వే అయితే దాని మీద 18 శాతం జీఎస్‌టీతో 2.36 శాతం పోతుంది, వెయ్యికి 976.40 వస్తుంది. క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు కొరియర్ కంపెనీ విడిగా వేస్తుంది. దీనికి విడి క్లియరింగ్ లెడ్జర్ కావాలి, గేట్‌వేతో కలపకూడదు. సొంత సైట్ అమ్మకాలకి టీసీఎస్ ఉండదు కనుక వాటిని జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను)లోని 14వ టేబుల్‌లోకి రానీయకూడదు. ఆ టేబుల్ ఈ-కామర్స్ ఆపరేటర్ల ద్వారా అమ్మినదానికే.

రోజుకి ఒక్కో సైట్‌కి, ఒక్కో రాష్ట్రానికి, ఒక్కో పన్ను రేటుకి ఒక వోచర్ చొప్పున టాలీకి పంపుతాం. ఆర్డర్‌కో వోచర్ పెడితే డేటా బరువెక్కి ఆడిటర్ గారు చూడలేరు. ఆర్డర్ల వివరం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. జీఎస్‌టీ నంబరున్న కొనుగోలుదారుల బిల్లులు మాత్రం ఒక్కొక్కటిగా వెళ్లాలి. టాలీప్రైమ్ 4.0 నుంచి ఎక్సెల్ ఫైల్ నేరుగా ఇంపోర్ట్ అవుతుంది. ఒకే ఫైల్ రెండుసార్లు ఎక్కితే అమ్మకం రెట్టింపవుతుంది కాబట్టి సైట్, తేదీ, రాష్ట్రం కోడ్, పన్ను రేటు కలిపి వోచర్ నంబరు ఇచ్చి, వోచర్ టైప్‌లో డూప్లికేట్లు రాకుండా ఆపే ఆప్షన్ పెట్టాం. ఇంపోర్ట్‌కి ముందు బ్యాకప్ తప్పదు.

తేదీల గురించి ఒక మాట. కొన్ని రిపోర్టుల్లో సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటుంది, మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. ఒకటో తారీఖు తెల్లవారుజామున 5:30 లోపు వచ్చిన ఆర్డర్ అందులో కిందటి నెల ఆఖరి రోజున కనిపిస్తుంది. మా మొదటి నెల జీఎస్‌టీఆర్-1లో తేడాకి సగం కారణం ఇదే. ఇప్పుడు అమ్మకానికి ఇన్‌వాయిస్ తేదీ ఒక్కటే ప్రమాణం.

కుట్టిన బట్టలు అమ్మేవాళ్లకి పన్ను రేటును మాస్టర్‌లో ఒకే అంకెగా పెట్టడం కుదరదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పీసు విలువ 2,500 రూపాయల దాకా 5 శాతం, దాటితే 18 శాతం. ఆ 2,500 పన్ను కలపని విలువ. పన్నుతో కలిపి 2,625 దాకా 5 శాతంలో ఉంటుంది. 2,700 పెట్టారనుకోండి: 5 శాతం లెక్కన విలువ 2,571, అంటే 18 శాతం పడాలి. 18 శాతం లెక్కన విలువ 2,288, అంటే 5 శాతం పడాలి. లెక్క గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, ఒక్కో సైట్ ఒక్కో రేటు వేసే ప్రమాదం ఉంది. అందుకే 2,625కీ 2,950కీ మధ్య ఏ ధరా పెట్టం, ఆఫర్ వేసినప్పుడు తగ్గిన ధర అక్కడ ఆగకుండా చూస్తాం. కాటన్ చీరకి ఈ బాధ లేదు, ఎంత ధరైనా 5 శాతమే.

మార్కెట్‌ప్లేస్ గోడౌన్‌లో సరుకు పెట్టాలనుకుంటే మన ఆంధ్రప్రదేశ్ వైపు వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. హైదరాబాద్ దగ్గరే కదా అనిపిస్తుంది కానీ జీఎస్‌టీకి అది వేరే రాష్ట్రం. మన నంబరు 37తో మొదలవుతుంది, తెలంగాణది 36తో. అక్కడి గోడౌన్‌కి స్టాక్ పంపాలంటే తెలంగాణలో విడిగా రిజిస్ట్రేషన్ తీసుకుని, ఆ గోడౌన్ చిరునామాను అదనపు వ్యాపార స్థలంగా చేర్చాలి. అమ్మకం కాకపోయినా ఆ పంపకానికి ఐజీఎస్‌టీతో (రాష్ట్రం దాటే సరుకుపై వేసే జీఎస్‌టీ) ట్యాక్స్ ఇన్‌వాయిస్ వేయాలి, విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు తీయాలి. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని 'స్టాక్ ట్రాన్స్‌ఫర్' అని నొక్కితే సరుకు కదులుతుంది కానీ కొన్నిట్లో పన్ను బిల్లు పుట్టదు. కొనేముందు ఇది అడిగి, డెమోలో చేసి చూపించమనండి.

ఇప్పుడు రోజూ ఉదయం అరగంట పని: సింక్ ఫెయిలయిన ఎస్‌కేయూల జాబితా, మన కోడ్‌తో మ్యాప్ కాని కొత్త లిస్టింగులు, సరిపోలని ఆర్డర్లు. మార్కెట్‌ప్లేస్‌లు పదో తారీఖు లోపు జీఎస్‌టీఆర్-8 (వాళ్లు వేసే టీసీఎస్ రిటర్ను) వేశాక పోర్టల్‌లో టీసీఎస్ క్రెడిట్‌ను మనమే అంగీకరించాలి. నొక్కకపోతే ఆ డబ్బు క్యాష్ లెడ్జర్‌లోకి రాదు. ఇది ఇంకా చేత్తోనే చేస్తున్నాం. ప్రతి ఆదివారం 20 ఎస్‌కేయూలు తీసుకుని రాకులో ఉన్నవి లెక్కబెట్టడం కూడా చేత్తోనే. తేడా వస్తే స్టాక్ దిద్దేముందు గత వారం రిటర్న్ స్కాన్లు చూస్తాం, చాలాసార్లు ఆ పీసు 'ఉతికి ఇస్త్రీ' బుట్టలో దొరుకుతుంది.